కువైట్ నుంచి వచ్చిన ఆ రాత్రి రాయాలా, వద్దా?

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఊరు. గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేసుకుంటూ ఒక యాప్‌లో సీరియల్ రాస్తున్నాను. ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఒకావిడ ఏడేళ్ల తర్వాత ఇంటికి తిరిగి రావడం కథ. భర్త కొబ్బరి దింపు పనికి వెళ్తాడు. ఆవిడ వెళ్లేటప్పటికి ఎనిమిదేళ్లున్న కూతురికి ఇప్పుడు పదిహేను. వచ్చిన రోజు రాత్రి దాకా రాసి ఆగిపోయాను. గదిలో ఏం జరిగిందో రాయాలా వద్దా అన్నది తేలడం లేదు. పాఠకులేమో "రొమాన్స్ ఎప్పుడు మేడం" అని కామెంట్లు పెడుతున్నారు. యాప్ వాళ్లు కూడా అలాంటి ఎపిసోడ్లకే చదివేవాళ్లు పెరుగుతారంటున్నారు. మా ఊళ్లో రిటైరైన తెలుగు మాస్టారు "మంచి సాహిత్యానికి అవి అక్కర్లేదమ్మా, సూచిస్తే చాలు" అన్నారు. మా అత్తగారు కూడా ఫోన్లో నా సీరియల్ చదువుతారు, అదో టెన్షన్. అసలు కథల్లో శృంగారం అవసరమేనంటారా? కూతురి ప్రేమకథ కూడా పెంచమంటున్నారు. ఆ రాత్రి ఎపిసోడ్‌కి కాయిన్లు పెట్టి లాక్ చేయమంటున్నారు, చేయమంటారా?
— ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, కథలో శృంగారం అవసరమా అని అడిగారు. ఒకప్పుడు అవసరమే. కవి ఇష్టంకొద్దీ కాదు, రూలు ప్రకారం. మహాకావ్యంలో ఏమేం ఉండాలో చెబుతూ సంస్కృత పండితుడు దండి కావ్యాదర్శంలో ఒక జాబితా ఇచ్చాడు. నగరం, సముద్రం, కొండ, రుతువులు, చంద్రోదయం, సూర్యోదయం, తోటలో విహారం, జలక్రీడ, మధుపానం, ఆ పక్కనే రతోత్సవం. మన ప్రబంధ కవులు వీటినే అష్టాదశ వర్ణనలన్నారు. కథ ఎటు పోతున్నా సరే, ఏదో ఒక ఆశ్వాసంలో అవి రావాలి. గొప్ప కవి చేతిలో పడితే ఆ వర్ణన కథలో కలిసిపోయింది. చేయి తిరగనివాళ్లు రాసినవి చూస్తే, పెళ్లి విస్తట్లో బూరె లేకపోతే మాటొస్తుందని వేసినట్టే ఉంటుంది. ఏ నాయికకైనా అదే నడుము, అదే సిగ్గు, అవే గోటి గుర్తులు. పేరు మార్చి పక్క కావ్యంలో అతికించినా ఎవరూ కనిపెట్టలేరు.

మీ యాప్ వాళ్లు అడుగుతున్నది కూడా ఆ జాబితానే, కాకపోతే దండి వాళ్లకి తెలిసి ఉండడు. ఇన్ని ఎపిసోడ్లకి ఒక పడకగది అని లెక్కపెట్టి రాసింది ఏ కాలంలో రాసినా చచ్చుగానే వస్తుంది. ఇది మన ఒక్కళ్ల జబ్బు కాదు లెండి. లండన్‌లో లిటరరీ రివ్యూ అనే పత్రిక 1993లో మొదలుపెట్టి చాలా ఏళ్లపాటు, ఆ ఏడాది నవలల్లో వచ్చిన పరమ చెత్త శృంగార సన్నివేశానికి బహుమతి ఇచ్చింది. బూతు పుస్తకాలని పోటీకి రానివ్వలేదు. పేరున్న రచయితల మంచి నవలల్లో అనవసరంగా దూర్చిన పేజీలనే పట్టుకున్నారు. వాళ్ల గొడవ నీతి గురించి కాదు, చేతగానితనం గురించి.

అయితే మీ మాస్టారు చెప్పింది ఒప్పేసుకుని తలుపు మూసేయడమేనా? ఆయన మాటలో బలం ఉంది. ఆ బలం ఎంతవరకో చూద్దాం, ఎందుకంటే దానికి సాక్ష్యం మన గోదారి ఒడ్డునే దొరుకుతుంది.

శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే గాథాసప్తశతి ప్రాకృతంలో ఉంది. అందులో ఒక గాథ. గోదావరి ఒడ్డున పొదల దగ్గరికి రోజూ ఒక సాధువు పూలకో దేనికో వస్తుంటాడు. ఒకమ్మాయి ఆయనతో అంటుంది: స్వామీ, ఇక నిశ్చింతగా తిరగండి, మిమ్మల్ని భయపెట్టే ఆ కుక్కని ఈ ఏటి గట్టు పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసింది. అంతే పద్యం. పైకి తిరగమంటోంది. కుక్కకే భయపడే మనిషి సింహం ఉందంటే మళ్లీ అటు వస్తాడా? ఆ పొద ఆమె తన ప్రియుణ్ణి కలుసుకునే చోటు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చున్న ఆనందవర్ధనుడనే ఆలంకారికుడు ధ్వని, అంటే పైకి అనకుండా సూచించడం, ఏమిటో చెప్పాల్సి వచ్చి ముందుగా ఈ గోదారి పిల్ల మాటనే ఎత్తుకున్నాడు. శాతవాహనుల ప్రతిష్ఠానం పైఠాన్ వైపు కాబట్టి అది మన లంకల దగ్గర జరిగిందని నేను అనను. నది మాత్రం ఇదే.

దాని వెంటనే ఆయన చెప్పిన రెండో గాథ మీకు ఇంకా పనికొస్తుంది. ఇంటికొచ్చిన బాటసారితో కోడలు అంటుంది: అత్తగారు ఇదిగో ఇక్కడ పడుకుంటుంది, నేను ఇక్కడ, పగలే సరిగ్గా చూసుకో, అసలే నీకు రేచీకటి, రాత్రి మా పక్కల మీద పడేవు. పడొద్దు అనడంలోనే దారి చెప్పేసింది. చూశారా, శృంగారంలో అత్తగారి టెన్షన్ మీతో మొదలవలేదు.

ఈ రెండు గాథల్లో ముట్టుకోవడం లేదు, ఒంటి వర్ణన లేదు. అయినా ఇంతకాలంగా చదివినవాళ్లకి ఒళ్లు తెలుస్తూనే ఉంది. మాస్టారి మాటకి బలం ఇక్కడ. కానీ గమనించండి, ఇక్కడ సూచన కవి సిగ్గుపడి వేసిన తెర కాదు. చాటుగా చెప్పాల్సిన అవసరం ఆ అమ్మాయిది. పాత్ర దాచుకుంటోంది కాబట్టి పద్యం దాచింది. రచయిత భయపడి దాస్తే వచ్చేది వేరు. రెండు పూలు ఊగాయి, దీపం కొండెక్కింది, తెల్లారింది. ఆ "తెల్లారింది" కూడా జాబితాలోదే. నడుము వర్ణన ఎంత అరిగిపోయిందో ఊగే పూలూ అంతే అరిగిపోయాయి.

ఇంకో సంగతి. మూసిన తలుపు ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. మీ కథలో ఆ భర్త ఆ రాత్రి ఆవిడ ఇష్టం అడగలేదనుకోండి. ప్రయాణంలో రెండు రాత్రులు నిద్రలేక ఒళ్లు తెలియకుండా ఉన్న మనిషిని, ఏడేళ్లు ఆగానన్న లెక్కతో దగ్గరికి లాక్కున్నాడనుకోండి. అక్కడ మీరు దీపం ఆర్పేసి "తెల్లారింది" అని రాస్తే పాఠకుడు దాన్ని ప్రేమ కిందే జమేస్తాడు. మన చట్టం కూడా పద్దెనిమిది నిండిన భార్య మీద భర్త చేసే బలవంతాన్ని ఈనాటికీ అత్యాచారం కింద లెక్కపెట్టడం లేదు. చట్టం తలుపు మూసిన చోట నవల కూడా మర్యాద కోసం మూస్తే ఆవిడ మాట ఎవరు వింటారు? అలాంటప్పుడు రాయాలి. ఎంత రాయాలంటే, జరిగింది ఏమిటో ఎవరూ పొరబడలేనంత. చదివేవాడికి సరదా పుట్టేంత మాత్రం కాదు.

కాబట్టి కథల్లో అవసరమా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఈ కథలో, ఈ ఇద్దరి మధ్య, ఆ గదిలో కాకపోతే ఇంకెక్కడా తెలియని సంగతి ఏదైనా ఉందా అని అడిగితే చెప్పగలను. మీరు ఉత్తరంతో పంపిన ఎపిసోడ్లు చదివాను. ఉంది. చాలా ఉంది. మీరు కామెంట్లు చూసి కంగారుపడి దాన్ని వదిలేస్తున్నారు.

ఏడేళ్లంటే చిన్న సంగతి కాదు. ఆవిడ అక్కడ వంటింటి పక్క గదిలో ఒంటరిగా పడుకుంది. అందరూ పడుకున్నాక పడుకుని, అందరికంటే ముందు లేచింది. పక్కన ఇంకో మనిషి ఊపిరి వినపడితే ఇప్పుడు ఆవిడకి నిద్ర పడుతుందా? నిద్రలో చెయ్యి తగిలితే ఉలిక్కిపడి లేచి కూర్చోదూ? ఆయనకీ అంతే. ఫోన్ తెరలో చూసిన మొహం, ఎదురుగా ఉన్న మనిషి ఒక్కలా ఉండరు. చెట్లెక్కి చెట్లెక్కి ఆయన అరచేతులు కాయలు కాసి ఉంటాయి, ఆవిడ చేతులు క్లీనింగ్ మందులకి పగిలి ఉంటాయి. పెళ్లయిన కొత్తలో పట్టుకున్న చేతులు అవి కావు. ఆ సంగతి వాళ్లిద్దరికీ మొదట తెలిసేది ఆ రాత్రే. దాన్ని పొద్దున్న టీ తాగుతూ సంభాషణలో చెప్పించగలరా? చెప్పిస్తే ఉపన్యాసంలా ఉంటుంది.

డబ్బు సంగతి కూడా అక్కడే ఉంది. ఆ డాబా ఆవిడ పంపిన డబ్బుతో పోసిన స్లాబు. మంచం, ఫ్యాను, బీరువా అన్నీ ఆవిడ డబ్బే, కానీ ఒక్కదాన్నీ ఆవిడ ఎంచుకోలేదు. తన డబ్బుతో కొన్న మంచం మీద తను చుట్టంలా కూర్చుంటుంది. ఆ గదిలో ఇప్పుడు ఎవరు ఎవర్ని అడగాలి? ఇంతకుముందు ఆయన అడిగేవాడు కాదనుకుందాం. ఇప్పుడు అడుగుతాడు. ఆ అడగడంలో ప్రేమ ఎంత, ఆ స్లాబు బరువు ఎంత? ఆవిడకి అది సంతోషమా, గుచ్చుకుంటుందా? నాకైతే మీ నవల మొత్తం ఈ ఒక్క చోట ఉందనిపించింది.

ఇవన్నీ రాయడానికి మీకు గది దాకా వెళ్లాల్సిన పని కూడా లేదు ముందు. సాయంత్రం నుంచి మొదలుపెట్టండి. మన ఇళ్లల్లో ఇలాంటివి ఎవరూ నోటితో చెప్పరు. పక్కలు ఎవరు ఎక్కడ వేశారన్నదే చెబుతుంది. ఏడేళ్లుగా నానమ్మ పక్కలో పడుకునే పిల్ల ఇవాళ అమ్మ దగ్గర పడుకుంటానంటే ముసలావిడ ఏం చేస్తుంది? "అమ్మ అలిసిపోయింది, నువ్వు నా దగ్గరికి రా" అంటుందా? లేకపోతే కొడుకు మంచం వసారాలో వేయించి కోడల్ని, మనవరాల్ని లోపల పడుకోబెడుతుందా? ఆ రెండిట్లో ఏది జరిగినా అది శృంగార సన్నివేశమే. పిల్ల మొహం చూడండి. ఇన్నాళ్లకి వచ్చిన అమ్మని మొదటి రాత్రే నాన్నకి ఇచ్చేయాలి. అది ఏ వయసు పిల్లకైనా బాధే. మీ ఎపిసోడ్లలో చూడ్డానికి వచ్చిన బంధువులు, తెచ్చిన సబ్బులు, సెంట్లు, చాక్లెట్లు పంచుకోవడం, ఫొటోలు బాగానే రాశారు. కానీ వాళ్లంతా వెళ్లిపోయాక ఇంట్లో పడే ఆ ఇబ్బందిని ఒక్క వాక్యంలో దాటేశారు. అక్కడ ఆగండి.

తర్వాత గదిలోకి వెళ్లండి. ఎంత దూరం వెళ్లాలన్నది ఆ ఇద్దరూ చెబుతారు. ఒకవేళ ఏమీ జరగకపోతే, ఆవిడ మంచం దిగి కింద చాప మీద పడుకుంటే, ఆయన కాసేపు చూసి తనూ కిందికి దిగితే, అది కూడా రాయాల్సిందే. జరిగితే, అది వాళ్లకి పాత రోజుల్ని తెచ్చిచ్చిందా, పరాయితనాన్ని పెంచిందా అన్నది రాయండి. సగంలో నవ్వొచ్చిందా? కరెంటు పోయి దోమలు కుట్టాయా? పెళ్లయి పదిహేనేళ్లు దాటినవాళ్ల మధ్య నవ్వు ఉంటుందమ్మా. యాప్‌లో వచ్చే రొమాన్స్ చదివితే అందులో ఎవరూ నవ్వరు, ఎవరికీ చెమట పట్టదు, ఎవరికీ నడుం నొప్పి ఉండదు.

అవసరమైన శృంగారం అంటే ఎలా ఉంటుందో ఒక పాత పుస్తకం చూపిస్తాను. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం. తను పెంచిన ఇళ అనే అమ్మాయిని రాధే కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. కొత్త పెళ్లికూతురికి ఏ మాట చెప్పాలో, అతనితో ఎలా ఉండాలో తనే నేర్పుతుంది. అలా నేర్పి గది దాకా పంపించి, బయటికొచ్చాక తట్టుకోలేకపోతుంది. ఇప్పుడు అందులోంచి శృంగారం తీసేయండి. రాధ ఏం పోగొట్టుకుందో తెలియదు. ఆమె అలక ఉత్త అల్లరి అయిపోతుంది, కృష్ణుడి బుజ్జగింపు ఉత్త మాటలైపోతాయి. ఆ పద్యాలు కావ్యానికి అలంకారం కాదు, కథే అవి.

ఆ పుస్తకానికి ఏమైందో కూడా మీరు తెలుసుకోవాలి, మన రాజమండ్రి అందులో ఉంది కాబట్టి. వితంతు వివాహాలు దగ్గరుండి జరిపించిన కందుకూరి వీరేశలింగం గారే కవుల చరిత్రలో ముద్దుపళనిని తప్పుపట్టారు. ఆడవాళ్లు వినకూడని మాటలు ఆడది రాసిందన్నది ఆయన బాధ. సంగీత విద్వాంసురాలు బెంగళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. 1910లో వావిళ్ల వారి చేత ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయించి, సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగకవులకి లేదా అని అడిగింది. ఇలాంటివే మగవాళ్లు రాస్తే పంతులుగారు మెచ్చుకున్నారని కూడా ఎత్తిచూపింది. ఆ తర్వాత ప్రభుత్వం అశ్లీలమని పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్న రోజుల్లో ఆ నిషేధం పోయింది. 1952లో మళ్లీ అచ్చయింది.

వీరేశలింగం గారిని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆడవాళ్ల బతుకు మార్చడానికి అంత పోరాడిన మనిషికి కూడా ఆడది తన కోరిక తనే చెబితే మింగుడుపడలేదు. మీ మాస్టారు ఎంత మంచివారైనా, "అవి అక్కర్లేదమ్మా" అన్నప్పుడు ఏవి, ఎవరికి అక్కర్లేదో కాస్త ఆలోచించండి. ఆయన పాఠం చెప్పిన కావ్యాల్లో అవి ఉన్నాయి కదా. మీరు రాయడమే ఆయనకి కొత్త.

ఇప్పుడు నాకు నిజంగా భయం కలిగించిన విషయం. మీ కామెంట్లలో రొమాన్స్ అడిగినవాళ్లతో పాటు ఇంకో రకం వాళ్లున్నారు. "ఏడేళ్లు అక్కడ ఒంటరిగా ఉందా, నిజం రాయండి మేడం" అని ఒకరు. "సేఠ్ ట్రాక్ ఉందా", అంటే అక్కడి యజమానితో కథ నడిచిందా అని ఇంకొకరు. ఇది సాహిత్యాభిరుచి కాదు. కాలవ గట్టు మీద, బడ్డీ కొట్టు దగ్గర, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ప్రతి ఆడమనిషి వెనకాల నడిచే మాటే ఇది. మన గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. అప్పులు తీర్చారు, ఇళ్లు కట్టారు, పిల్లల్ని చదివించారు. తిరిగొచ్చాక వాళ్లు మొదట ఎదుర్కొన్నది ఆ చూపు. మీరు ఒక్క వాక్యం అజాగ్రత్తగా రాస్తే ఆ చూపుకి మీ నవల సాక్ష్యం అయిపోతుంది. అక్కడ ఆవిడకి ఎవరి మీదైనా మనసు పడిందని రాయొద్దనడం లేదు. మనిషి కదా, పడొచ్చు. యజమాని ఇంట్లో చెడు జరిగిందని రాయొద్దనీ అనను, అలా జరిగినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ నిర్ణయం కథ తీసుకోవాలి, కామెంట్లు కాదు. నా దృష్టిలో పడకగది రాయడం కంటే ఈ అనుమానానికి మేత వేయడమే అశ్లీలం.

దానికి తోడు ఆవిడ మీకు తెలిసిన మనిషైతే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. సచివాలయంలో పనిచేస్తారు, పింఛన్ల దగ్గర్నుంచి రేషన్ కార్డుల దాకా ఇంటింటి సంగతీ మీకు తెలుస్తుంది. మన ఊళ్లల్లో వీధి మలుపు, ఇంటి రంగు, కూతురి చదువు చెబితే చాలు, ఎవరో పట్టేస్తారు. ఊరు మార్చండి, భర్త పని మార్చండి, సంవత్సరాలు మార్చండి. రాజోలు దగ్గర కాకుండా నరసాపురం అవతలో, పాలకొల్లు పక్కనో పెట్టండి. రొయ్యల చెరువుల మీద కాపలా పని చేసే భర్తయినా మీ కథకి లోటు రాదు. పడకగదిలో నిలబెట్టే పాత్రకి బయట ఒక ఒరిజినల్ ఉండకూడదు.

భాష గురించి మీరు అడగలేదు గానీ, చెబుతాను. రాయడం మొదలుపెట్టగానే తగిలే గోడ అదే. పుస్తకాల మాట వాడితే ప్రబంధంలా ఉంటుంది, వీధి మాట వాడితే తిట్టులా ఉంటుంది, డాక్టర్ల మాట వాడితే రిపోర్టులా ఉంటుంది. దానికి నాకు తెలిసిన ఉపాయం, ఒంటి భాగాల పేర్ల జోలికి పోకుండా పనుల్ని రాయడం. జడ విప్పింది, గాజులు తీసి కిటికీలో పెట్టింది, ఆయన తలుపు గడియ వేయబోయి ఆవిడ వైపు చూశాడు. పనులు చేసే చేతులుంటే మిగతాది చదివేవాడే పూరించుకుంటాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునే మాట మాత్రం మీ ఊరి మాటే ఉండనివ్వండి. "ఏవండీ, ఆ లైటు తీసెయ్యండి" అన్నది ఎన్ని ఉపమానాలకైనా సరితూగుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. పాత శిక్షాస్మృతిలో అశ్లీల రచనల మీద ఉన్న 292వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 294 వచ్చింది. యాప్‌లో రాస్తున్నారు కాబట్టి ఐటీ చట్టం 67 కూడా గుర్తుంచుకోవాలి. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో ఒక ఇంగ్లీషు నవల అమ్మినందుకు బొంబాయి పుస్తకాల షాపు ఆయనకి పడ్డ శిక్షని సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పుడు వాడింది విక్టోరియా రాణి కాలం నాటి కొలత. 2014లో అవీక్ సర్కార్ కేసులో ఆ కొలతని పక్కనపెట్టి, సందర్భమంతా చూడాలి, ఈనాటి సమాజ ప్రమాణాలతో చూడాలి అంది. సాహిత్య ప్రయోజనం ఉన్న రచనకి చట్టంలోనే మినహాయింపు ఉంది. మీరు రాయబోయే రకం అధ్యాయానికి నిద్ర మానుకోవాల్సిన పని లేదు.

కూతురి విషయంలో మాత్రం వెసులుబాటు లేదు. పిల్లకి పదిహేనేళ్లు. ఎవరో అబ్బాయి మీద ఇష్టం కలగడం, స్కూలు బస్సు దగ్గర చూపులు, అమ్మకి తెలుస్తుందని భయం, ఇవి రాసుకోండి, ఆ వయసులో ఉండేవే. అంతకుమించి శృంగారం వైపు ఒక్క అడుగు వద్దు, సూచనగా కూడా వద్దు. ఐటీ చట్టం 67బి పద్దెనిమిది నిండని పిల్లల్ని అలా చూపే రాతల్ని కూడా నేరం కిందే చూస్తుంది. చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేదాన్ని. ట్రాక్ పెంచమన్నవాళ్లకి పాత్ర వయసు ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి.

ఇక అత్తగారు. చదివాక ఆవిడ ఏమీ అనకపోవచ్చు, లేదా "ఇవన్నీ నీకెలా తెలుసే" అని ఒక్క మాట అనొచ్చు. రెండోది అంటే కంగారుపడొద్దు. రాసేవాళ్ల అనుభవం అంతా కథలోకి వస్తుందని జనం అనుకుంటారు, ఆడవాళ్ల విషయంలో మరీనూ. హత్య కథ రాసినవాణ్ణి ఎవర్ని చంపావని ఎవరూ అడగరు. మారుపేరు పెట్టుకోవడం ఒక దారి. తెలుగులో అది తప్పేమీ కాదు, రచయిత్రుల నవలలు జోరుమీదున్న రోజుల్లో మగవాళ్లు ఆడపేర్లతో రాశారు. కానీ మీరు ఏడాదిగా సొంత పేరుతో రాస్తున్నారు, ఈ ఒక్క ఎపిసోడ్‌కి ముసుగేస్తే అందరి కళ్లూ అక్కడే పడతాయి. నా సలహా, పోస్ట్ చేసేముందు మీరే ఆవిడకి చెప్పండి: అత్తయ్యగారూ, రేపటి భాగంలో వాళ్లిద్దరి గది ఉంది, ఇబ్బందనిపిస్తే దాటేయండి అని. దాటేస్తారని నేననుకోను. పక్కలు వేసే ముసలావిడ గురించి రాసేముందు అసలు ఆవిడనే అడగండి, ఆ రోజుల్లో ఇంతమంది ఉన్న ఇంట్లో ఎలా సర్దుకునేవారని. మీకు నా దగ్గర కంటే మంచి సమాచారం అక్కడ దొరుకుతుంది.

ఆఖరికి కాయిన్ల లాకు. పెట్టొద్దు. అన్ని ఎపిసోడ్లూ ఉచితంగా ఇచ్చి ఆ ఒక్కదానికి డబ్బు కట్టమంటే, చదివేవాడు దేనికి కడుతున్నాననుకుంటాడో మీకు తెలుసు. మీరు అక్కడ రాసింది ఆ ఇబ్బంది, ఆ చాప, ఆ నవ్వు. వాడికి కావాల్సింది అవి కావు కాబట్టి తిట్టుకుని ఒక స్టార్ ఇచ్చిపోతాడు. నిజంగా చదవాల్సినవాళ్లు లాకు దగ్గరే ఆగిపోతారు. డబ్బు రావాలి, ఊరికే రాయమని నేను చెప్పను. యాప్‌లో వీలుంటే ఫలానా ఎపిసోడ్ నుంచి అన్నిటికీ ఒకే రేటు పెట్టండి, ఈ రాత్రి వాటిలో ఒకటిగా ఉండనివ్వండి. పైన పెద్దలకు మాత్రమే అని ఒక లైను రాయండి. థంబ్‌నెయిల్‌కి వాళ్లు పంపే ముద్దుల బొమ్మ వద్దని ముందే మెయిల్ పెట్టండి, లేకపోతే మిమ్మల్ని అడక్కుండానే అతికించేస్తారు.